రోజూ వాడే ఇంగ్లీషు క్రియలు: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో చాలా తెలుగు ఇళ్ళలో పిల్లలు అమ్మతో తెలుగు, బళ్ళో ఒడియా మాట్లాడతారు. ఇంగ్లీషు ఆ తర్వాత వచ్చే మూడో భాష. ఆంధ్రలో అచ్చయ్యే స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాలు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవు. అందుకే ఇక్కడివాళ్ళు అడిగే ప్రశ్నలకు ఇక్కడి అవసరాన్ని బట్టే జవాబులు రాశాం. ఇంగ్లీషు మాటలను తెలుగు లిపిలో ఇచ్చాం. స్పెల్లింగ్ మాత్రం డిక్షనరీలో చూసి మీ నోటుబుక్కులో రాసుకోండి.

ఇంగ్లీషులో వేల క్రియలున్నాయి. వేటితో మొదలుపెట్టాలి?

ఇరవై ఐదింటితో. ఆక్స్‌ఫర్డ్ కార్పస్ అని ఒకటుంది. కోట్ల మాటల ఇంగ్లీషు రాతలను ఒకచోట చేర్చి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టడానికి వీలుగా చేసిన పెద్ద పోగు అది. అందులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన 25 క్రియలు ఇవి: బీ, హావ్, డూ, సే, గెట్, మేక్, గో, నో, టేక్, సీ, కమ్, థింక్, లుక్, వాంట్, గివ్, యూజ్, ఫైండ్, టెల్, ఆస్క్, వర్క్, సీమ్, ఫీల్, ట్రై, లీవ్, కాల్.

అన్నీ ఒక్క అక్షరంలా పలికే పొట్టి మాటలే. చదువుకున్నవాళ్ళు కూడా తడబడేది వీటి దగ్గరే. 'ఎస్టాబ్లిష్', 'ఇంప్లిమెంట్' లాంటి పెద్ద మాటలకు అర్థం ఒకటో రెండో ఉంటుంది కాబట్టి అవి ఇబ్బంది పెట్టవు. ఈ చిన్నవి మాత్రం ఒక్కొక్కటీ పది పనులు చేస్తాయి. మా సలహా: మొదట్లో 'సీమ్' పక్కన పెట్టి దాని చోట 'పుట్' చేర్చుకోండి. 'పుట్' లేకుండా ఒక పూట గడవదు.

అర్థం తెలుగులో రాసుకోవాలా, ఒడియాలో రాసుకోవాలా?

కోపం వస్తే మీరు ఏ భాషలో అరుస్తారో ఆ భాషలో. మాట చటుక్కున పుట్టేది అక్కడే. తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు చదవడం రాదా? అయితే తెలుగు అర్థాన్నే ఒడియా అక్షరాలతో రాసుకోండి. 'తీసుకురా' అనే మాటను ఏ లిపిలో రాసినా అది మీ మాటే. రెండు భాషల్లో రెండు అర్థాలు పక్కపక్కన రాసుకోవడం మాత్రం వద్దు. అలా రాస్తే మాట్లాడేటప్పుడు మనసు ముందు ఒడియాకి, అక్కణ్ణుంచి తెలుగుకి, ఆ తర్వాత ఇంగ్లీషుకి తిరుగుతుంది. ఈలోగా ఎదుటివాళ్ళు ఇంకో మాట మొదలుపెట్టేస్తారు.

కొన్నిచోట్ల రెండు భాషలూ కలిసే తప్పుదోవ పట్టిస్తాయి. తెలుగులో 'చూడు' ఒక్కటే, ఒడియాలో 'దేఖిబా' ఒక్కటే. ఇంగ్లీషులో సీ, లుక్, వాచ్ అని మూడు. 'విను', 'శుణిబా' ఒక్కొక్కటే, అక్కడ హియర్, లిజన్ రెండు. 'చేయు', 'కరిబా' ఒక్కొక్కటే, అక్కడ డూ, మేక్ రెండు. ఈ మూడు గుంపులకు కాస్త ఎక్కువ సమయం పెట్టండి. వీటి సంగతి కింద విడిగా ఉంది.

నోటుబుక్కులో ఒక క్రియను ఎలా రాసుకోవాలి?

ఒక్కో క్రియకు ఒక పేజీ. పైన మూడు రూపాలు. కింద ఎడమవైపు ఇంగ్లీషు జంట, కుడివైపు మన మాట. జంట అంటే క్రియతో పాటు దాని పక్కన వచ్చే మాట కూడా. 'టేక్' పేజీ ఇలా ఉంటుంది:

టేక్, టుక్, టేకెన్
టేక్ ఎ బస్: బస్సులో వెళ్ళు
టేక్ మెడిసిన్: మందు వేసుకో
టేక్ ఎ ఫొటో: ఫొటో తీయి
టేక్ ఎ బాత్: స్నానం చేయి
టేక్ ఆఫ్ యువర్ షూస్: బూట్లు విప్పు
ఇట్ టేక్స్ టూ అవర్స్: రెండు గంటలు పడుతుంది

కుడివైపు ఒకసారి పైనుంచి కిందకు చదవండి: వెళ్ళు, వేసుకో, తీయి, చేయి, విప్పు, పడుతుంది. ఆరు జంటలకు ఆరు తెలుగు క్రియలు వచ్చాయి. బళ్ళో కంఠతా పట్టిన 'టేక్ అంటే తీసుకొను' అన్నది ఒక్కసారి కూడా రాలేదు. క్రియను ఒంటరిగా నేర్చుకుంటే నోరు కదలకపోవడానికి కారణం ఇదే. 'స్నానం' అనుకోగానే మనకు 'చేయి' తోస్తుంది, 'డూ బాత్' అనేస్తాం. జంటగా నేర్చుకున్నవాళ్ళకు 'బాత్' అనగానే 'టేక్' దానంతట అదే వచ్చేస్తుంది.

ఒక్క మాటకు అన్ని అర్థాలు పెట్టుకోవడం ఇంగ్లీషుకే ఉన్న తిక్కా?

కాదు. మన 'వేయి' చూడండి. తలుపు వేయి, లైటు వేయి, ముగ్గు వేయి, ఓటు వేయి, విత్తనాలు వేయి, కేక వేయి, బ్యాంకులో డబ్బు వేయి, చొక్కా వేసుకో. బరంపురంలో మన వీధికి కొత్తగా వచ్చిన తమిళాయన ఇవన్నీ నేర్చుకోవాలంటే ఎంత కష్టపడాలో ఆలోచించండి. తలుపు వేస్తే మూసుకుంటుంది, లైటు వేస్తే వెలుగుతుంది. రెండూ 'వేయి'నే. ఇంగ్లీషులో వీటికి ఎనిమిది వేర్వేరు జంటలున్నాయి: షట్ ది డోర్, టర్న్ ఆన్ ది లైట్, డ్రా ఎ ముగ్గు, కాస్ట్ ఎ ఓట్, సో సీడ్స్, షౌట్, డిపాజిట్ మనీ, పుట్ ఆన్ ఎ షర్ట్.

తెలుగు 'వేయి' మీద పట్టు మీకు అమ్మ మాటలు విని వచ్చింది, జాబితాలు చదివి కాదు. ఎన్నోసార్లు జంటగా విన్నారు కాబట్టే 'లైటు మూయి' అని ఎప్పుడూ అనరు. ఇంగ్లీషుకూ అదే దారి.

లైటు, ఫ్యాను, ఫోను, తలుపు, కుళాయి: వీటితో ఏ క్రియలు వాడాలి?

కరెంటుతో నడిచేవన్నీ టర్న్ ఆన్, టర్న్ ఆఫ్. స్విచ్ ఆన్, స్విచ్ ఆఫ్ అన్నా సరే. 'ఓపెన్ ది లైట్', 'క్లోజ్ ది ఫ్యాన్' తప్పు. కుళాయికి కూడా టర్న్ ఆన్, టర్న్ ఆఫే. తలుపు, కిటికీ, పెట్టె, పుస్తకం, దుకాణం అయితే ఓపెన్, క్లోజ్. తాళం వేయడానికి లాక్, తీయడానికి అన్‌లాక్. 'లాక్' అంటే తాళం కాబట్టి 'పుట్ ది లాక్' అనాలేమో అనిపిస్తుంది గానీ 'లాక్ ది డోర్' చాలు. మాట్లాడుతూ ఉండగా ఫోను పెట్టేయడం 'హ్యాంగ్ అప్'. 'కట్ ది కాల్' అంటే మనదేశంలో అందరికీ అర్థమవుతుంది, బయటివాళ్ళకు వింతగా ఉంటుంది. సౌండు పెంచడం 'టర్న్ అప్', తగ్గించడం 'టర్న్ డౌన్'.

'గెట్' ఎందుకు అంత చిక్కు పెడుతుంది?

'పొందు' అనే ఒక్క అర్థం పట్టుకుని వేలాడటం వల్ల. మన ఇళ్ళలో 'పొందు' అని ఎవరూ అనరు. ఎవరూ అనని మాటతో ఇంగ్లీషు మాటను ముడివేస్తే అది నిలవదు. 'గెట్' చేసే పనులు నాలుగని పెట్టుకోండి.

మొదటిది, దొరకడం, రావడం. 'ఐ గాట్ ఎ జాబ్': ఉద్యోగం దొరికింది. 'ఐ గాట్ యువర్ మెసేజ్': నీ మెసేజ్ వచ్చింది.

రెండోది, చేరడం. 'ఐ గాట్ హోమ్ ఎట్ నైన్': తొమ్మిదింటికి ఇల్లు చేరాను. 'హోమ్'కి ముందు 'టు' రాదు. మిగతా చోట్లకు వస్తుంది: 'వి గాట్ టు పలాస'. బస్సు, రైలు ఎక్కడం గెట్ ఆన్, దిగడం గెట్ ఆఫ్. ఆటో, కారు అయితే గెట్ ఇన్, గెట్ అవుట్. నిలబడి నాలుగడుగులు వేయగలిగే బండికి 'ఆన్', వంగి లోపల కూర్చోవాల్సిన బండికి 'ఇన్' అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

మూడోది ఒక స్థితిలోంచి ఇంకో స్థితికి మారడం. దీనికి తెలుగులో చక్కని తోడుంది. మన క్రియల చివర వచ్చే 'పోవు' చూడండి. తడిసిపోయాను: ఐ గాట్ వెట్. అలసిపోయాను: ఐ గాట్ టైర్డ్. తప్పిపోయాను: ఐ గాట్ లాస్ట్. ఇరుక్కుపోయాను: ఐ గాట్ స్టక్. 'పోవు' కనబడితే ముందు 'గెట్' ప్రయత్నించండి, చాలాసార్లు అతుకుతుంది. పప్పు, పాలు చెడిపోతే మాత్రం 'గో బ్యాడ్' అనాలి. కోపం రావడం గెట్ యాంగ్రీ, పెళ్ళి చేసుకోవడం గెట్ మ్యారీడ్. 'గెట్ మ్యారీడ్ విత్' అనకండి, 'టు' వాడాలి.

నాలుగోది ఇంకొకరిచేత చేయించుకోవడం. ఇక్కడ మన 'ఇంచు' తోడు: బండి బాగు చేయించాను అంటే 'ఐ గాట్ మై బైక్ రిపేర్డ్'. కటింగ్ చేయించుకున్నాను అంటే 'ఐ గాట్ మై హెయిర్ కట్'. 'ఐ రిపేర్డ్ మై బైక్' అంటే రెంచి పట్టుకుని మీరే బాగు చేశారని అర్థం. మెకానిక్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలో ఉంటే ఈ తేడా చాలా దూరం వెళ్తుంది.

మూడు రూపాల వరస: గెట్, గాట్, గాట్. అమెరికన్లు మూడో రూపాన్ని 'గాటెన్' అంటారు. రెండూ ఒప్పే.

'నాకు' అని మొదలయ్యే మాటలన్నీ ఇంగ్లీషులో ఎందుకు తలకిందులవుతాయి?

ఇది చాలా మంచి ప్రశ్న. దీని మీద ఒక వారం పెట్టినా వృథా కాదు. తెలుగులో మనకు జరిగేవాటిని 'నాకు' అని చెబుతాం. ఒడియాలోనూ అంతే, 'మోతే భోక లాగుఛి' అంటే నాకు ఆకలేస్తోంది అని. ఇంగ్లీషు ఆ అనుభవాలన్నిటికీ మనిషినే కర్తగా నిలబెడుతుంది. అందుకే 'టు మీ' అని మొదలుపెట్టిన వాక్యం ముందుకు సాగదు. 'నాకు' వినగానే 'ఐ' అనుకోవాలి, తర్వాత ఏ క్రియో వెతకాలి.

నాకు తెలుసు: ఐ నో. నాకు కావాలి: ఐ వాంట్. నాకు ఇష్టం: ఐ లైక్ ఇట్. నాకు గుర్తుంది: ఐ రిమెంబర్. నాకు అర్థమైంది: ఐ అండర్‌స్టాండ్. నాకు దొరికింది: ఐ ఫౌండ్ ఇట్. నాకు ఆకలేస్తోంది: ఐ యామ్ హంగ్రీ. నాకు భయంగా ఉంది: ఐ యామ్ స్కేర్డ్. నాకు జ్వరం వచ్చింది: ఐ హావ్ ఎ ఫీవర్. నాకు ఇద్దరు తమ్ముళ్ళు: ఐ హావ్ టూ యంగర్ బ్రదర్స్.

'నాకు నొప్పిగా ఉంది' ఒక్కటీ దారి తప్పుతుంది. అక్కడ నొప్పి పుట్టే చోటే కర్త: మై లెగ్ హర్ట్స్.

'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' ఎందుకు తప్పు?

తోడబుట్టినవాళ్ళు, ఇల్లు, బండి, జబ్బు 'ఉండటం' ఇప్పుడు జరుగుతున్న పని కాదు, అది ఒక స్థితి. స్థితికి 'ఇంగ్' చేర్చరు. నో, వాంట్, లైక్, నీడ్, బిలీవ్, అండర్‌స్టాండ్ కూడా ఈ గుంపే. 'ఐ యామ్ నోయింగ్' అనకూడదు. భోజనం మాత్రం పనే కాబట్టి 'ఐ యామ్ హావింగ్ లంచ్' నిక్షేపంగా అనొచ్చు.

'యామ్, ఈజ్, ఆర్' ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు?

'నేను టీచర్ని' అనే వాక్యంలో క్రియే లేదు. ఒడియాలో 'అటే' ఉన్నా మాటల్లో చాలాసార్లు వదిలేస్తారు. ఆ అలవాటుతో 'ఐ టీచర్', 'షి మై సిస్టర్' అనేస్తాం. ఇంగ్లీషు వాక్యంలో క్రియ లేకుండా కుదరదు. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: వేరే క్రియ ఉన్నా 'యామ్' దూర్చడం, 'ఐ యామ్ వర్క్ ఇన్ సూరత్' అని. 'ఐ వర్క్' గానీ 'ఐ యామ్ వర్కింగ్' గానీ అనాలి. 'బీ'కి ఎనిమిది రూపాలు: బీ, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. ఇంగ్లీషులో ఇన్ని రూపాలున్న క్రియ ఇంకోటి లేదు.

టేక్, బ్రింగ్, గో, కమ్?

వీటిలో తెలుగువాళ్ళకు కష్టమేమీ లేదు. తీసుకెళ్ళు అంటే టేక్, తీసుకురా అంటే బ్రింగ్. వెళ్ళి తీసుకురా అంటే ఫెచ్, 'గో అండ్ గెట్' అన్నా సరే.

సెలవు తీసుకునేటప్పుడే పొరపాటు జరుగుతుంది. మనం 'వెళ్ళొస్తాను' అంటాం. వెళ్తాను అనడం అశుభమని మన భావన. ఒడియావాళ్ళు కూడా గుమ్మం దాటుతూ 'ఆసుఛి', అంటే వస్తున్నాను, అంటారు. దాన్ని 'ఐ యామ్ కమింగ్' అని ఇంగ్లీషులోకి మారిస్తే విన్నవాళ్ళు మీరు తిరిగొస్తారని కూర్చుంటారు. 'ఐ యామ్ లీవింగ్. సీ యూ టుమారో' అనండి. 'లీవ్' అంటే వదలడం అని మాత్రమే తెలిసినవాళ్ళు ఇక్కడ తటపటాయిస్తారు. బయలుదేరడం కూడా 'లీవే'. 'ది ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్' అంటే ఆరింటికి బయలుదేరుతుంది. 'ఐ లెఫ్ట్ మై ఫోన్ ఎట్ హోమ్' అంటే ఫోను ఇంట్లో మర్చిపోయి వచ్చాను. ఆ వాక్యంలో 'ఫర్గాట్' వాడాల్సిన పనిలేదు.

సే, టెల్, స్పీక్, టాక్: నాలుగూ 'చెప్పడమే' కదా?

'టెల్' పక్కన వినే మనిషి ఉండాలి, మధ్యలో 'టు' రాకూడదు: టెల్ మీ, టెల్ యువర్ ఫాదర్. 'హి టోల్డ్ టు మీ' తప్పు. 'సే' పక్కన వచ్చేది మాట: హి సెడ్ సారీ, షి సెడ్ షి వాజ్ బిజీ. మనిషిని చేర్చాలంటే 'సే'కి 'టు' కావాలి. అబద్ధం, నిజం, కథ, జోకు వీటికి టెల్. భాషలకు స్పీక్: ఐ స్పీక్ తెలుగు అండ్ ఒడియా. కబుర్లకు టాక్.

వీటి చుట్టాలు కొన్ని. 'ఎక్స్‌ప్లెయిన్ మీ' కాదు, 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ'. 'డిస్కస్ అబౌట్' కాదు, 'డిస్కస్' చాలు. డబ్బు అడిగితే 'ఆస్క్‌డ్ మీ ఫర్ మనీ'. 'ఫర్' వదిలేయకండి. 'వెయిట్ మీ' కాదు, 'వెయిట్ ఫర్ మీ'.

సీ, లుక్, వాచ్, హియర్, లిజన్?

కంటపడితే సీ. కన్ను తిప్పి చూస్తే లుక్, దానితో 'ఎట్' రావాలి. కదిలేదాన్ని కాసేపు చూస్తూ ఉంటే వాచ్. బరంపురంలో జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రలో వేషాలు వచ్చేవరకూ వీధిలో నిలబడి చూస్తే 'వి వాచ్‌డ్', ఆ గుంపులో అనుకోకుండా మీ మాస్టారు కనబడితే 'ఐ సా మై టీచర్', 'అటు చూడు' అని తమ్ముడికి చూపిస్తే 'లుక్ ఎట్ దట్'. చెవినపడితే హియర్, చెవి పెట్టి వింటే లిజన్ టు. ఫోనులో 'వినబడుతోందా' అన్నదానికి 'కెన్ యూ హియర్ మీ', ఎప్పుడూ 'లిజన్' కాదు.

డూ, మేక్ తేడా?

చివర చేతిలో కొత్తగా ఒక వస్తువో, మాటో, ఫలితమో మిగిలితే మేక్: మేక్ టీ, మేక్ ఎ కాల్, మేక్ ఎ మిస్టేక్, మేక్ మనీ, మేక్ ఎ డెసిషన్. పని జరిగి అయిపోతే డూ: డూ హోంవర్క్, డూ ది డిషెస్, డూ యోగా. కొన్ని ఈ గీతలోకి రావు, 'మేక్ ది బెడ్' అంటే పక్క సర్దడం. రానివాటిని జంటలుగా రాసుకోవడమే మార్గం.

'డిడ్ యూ వెంట్' అని ఎందుకు అనకూడదు?

తెలుగులోనే జవాబుంది. 'వెళ్ళాను' అంటాం. కాదనాలంటే 'వెళ్ళలేదు' అంటాం గానీ 'వెళ్ళాను లేదు' అనం. 'లేదు' జరిగిపోయిన కాలాన్ని మోస్తోంది కాబట్టి 'వెళ్ళ' బోడిగా నిలబడింది. ఇంగ్లీషులో ఆ బరువు మోసేది 'డిడ్'. అందుకే 'డిడ్ నాట్ గో', 'డిడ్ యూ గో'. 'డజ్' కూడా ఇలాగే 's' శబ్దాన్ని తనే తీసేసుకుంటుంది: 'షి వర్క్స్', కానీ 'డజ్ షి వర్క్', 'షి డజంట్ వర్క్'.

మూడు రూపాలు కంఠతా పట్టాలంటే ఏం చేయాలి?

అక్షరక్రమంలో జాబితా పెట్టుకుని చదవకండి, చప్పుడును బట్టి గుంపులు కట్టండి. మూడూ ఒకటేగా ఉండేవి: పుట్, కట్, షట్, హిట్, లెట్, హర్ట్, కాస్ట్. 'ఆట్' అని ముగిసేవి: బై-బాట్, బ్రింగ్-బ్రాట్, థింక్-థాట్, టీచ్-టాట్, క్యాచ్-కాట్. చివర 'ట్' వచ్చేవి: కీప్-కెప్ట్, స్లీప్-స్లెప్ట్, ఫీల్-ఫెల్ట్, లీవ్-లెఫ్ట్, సెండ్-సెంట్, లెండ్-లెంట్. 'ఓల్డ్' గుంపు: టెల్-టోల్డ్, సెల్-సోల్డ్. మొదటిది మళ్ళీ మూడోదిగా వచ్చేవి: కమ్-కేమ్-కమ్, రన్-రాన్-రన్. మూడూ వేరైనవి: గివ్-గేవ్-గివెన్, సీ-సా-సీన్, డూ-డిడ్-డన్, నో-న్యూ-నోన్, స్పీక్-స్పోక్-స్పోకెన్, గో-వెంట్-గాన్. 'గో' పక్కన 'వెంట్' ఎలా వచ్చిందంటే, అది 'వెండ్' అనే పాత క్రియ గతరూపం. 'గో' సొంత గతరూపం వాడుకలోంచి పోయి ఇది ఆ చోట కూర్చుంది.

పై 25 క్రియల్లో 17 ఇలా మాట మారేవే. 'ఈడీ' చేర్చితే సరిపోయేవి ఎనిమిదే: లుక్, వాంట్, యూజ్, ఆస్క్, వర్క్, సీమ్, ట్రై, కాల్.

ఆ 'ఈడీ' పలకడం కూడా తెలుసుకోండి. ప, క, స, ష, చ, ఫ శబ్దాల తర్వాత అది 'ట్': లుక్ట్, స్టాప్ట్, వాష్ట్. ట, డ తర్వాత 'ఇడ్': వాంటిడ్, నీడిడ్. మిగతా అన్నిచోట్లా 'డ్': కాల్డ్, ట్రైడ్. 'స్టాప్‌పెడ్', 'లుక్కెడ్' అని సాగదీస్తే వినేవాళ్ళకు మాట తెలియకుండా పోతుంది. 'సెడ్' అనే మాటను స్పెల్లింగ్ చూసి 'సెయిడ్' అనకండి. చదవడం అనే 'రీడ్' గతంలో 'రెడ్' అవుతుంది, స్పెల్లింగ్ మాత్రం మారదు.

ఒకేలా వినిపించే క్రియల్ని ఎలా విడదీయాలి?

వాక్, వర్క్ మొదటివి. వాక్ అంటే నడక, అందులో నోరు గుండ్రంగా తెరుచుకుంటుంది, 'ఎల్' పలకరు. వర్క్ అంటే పని, నోరు పెద్దగా తెరవరు. వాంట్ కావాలి, వెంట్ వెళ్ళాను, వోంట్ చేయను. 'ఐ వోంట్ టీ' అని పొరపాటున అంటే టీ వద్దన్నట్టు అనుకుంటారు. లివ్ పొట్టిది, నివసించడం; లీవ్ పొడుగుది, బయలుదేరడం. ఫిల్ నింపడం, ఫీల్ అనిపించడం. తెలుగులో హ్రస్వం, దీర్ఘం మారితే అర్థం మారుతుందని మనకు పుట్టుకతో తెలుసు కాబట్టి ఈ చివరి రెండూ మనకు సులువే. ఒడియా బళ్ళో చదివి ఒడియా అక్షరాల్లో రాసుకునే పిల్లలు కాస్త జాగ్రత్త పడాలి. ఒడియా పలుకుబడిలో హ్రస్వ దీర్ఘాల తేడా అంతగా వినిపించదు. మాట చివర 'ఉ' తగిలించడం మాత్రం మన తెలుగు అలవాటు: వర్కు, టేకు కాదు, వర్క్, టేక్.

ఇచ్చేదానికీ పుచ్చుకునేదానికీ ఒకే మాట వాడేస్తున్నాం. ఎలా సరిచేసుకోవాలి?

అప్పు ఇస్తే లెండ్, తీసుకుంటే బారో. నేర్పితే టీచ్, నేర్చుకుంటే లెర్న్. గుర్తుంటే రిమెంబర్, గుర్తు చేస్తే రిమైండ్. 'రిమెంబర్ మీ టుమారో' అంటే రేపు నన్ను తలుచుకో అని అర్థం వస్తుంది. 'రిమైండ్ మీ' అనాలి. సిగరెట్టు తాగడం స్మోక్, డ్రింక్ కాదు. మాత్రలు మింగినా సిరప్ తాగినా టేక్.

రోజుకు ఎంతసేపు, ఎన్నాళ్ళు?

రోజుకు ఒక క్రియ, ఐదారు జంటలు, 20 నిమిషాలు. వారానికి ఐదు రోజులు చేస్తే ఐదు వారాల్లో 25 అవుతాయి. మిగిలిన రెండు రోజులు పాత పేజీలకు. ఎడమవైపు కాగితం అడ్డం పెట్టి, కుడివైపు తెలుగు చూసి ఇంగ్లీషు పైకి చెప్పాలి. ఇంగ్లీషు చూసి తెలుగు చెప్పడం చదవడానికి పనికొస్తుంది, మాట్లాడటానికి పనికిరాదు. ప్రతి పేజీనీ మర్నాడు, మూడోనాడు, వారానికి, మూడు వారాలకు మళ్ళీ తిప్పండి. నాలుగోసారి కూడా తప్పిన జంటల్ని వేరే కాగితం మీదికి ఎక్కించి వంటగదిలోనో బండి మీదో అతికించండి. మనసులో చదవడం లెక్కలోకి రాదు, గొంతు పలకాలి.

ఫోనులో డిక్షనరీ వాడుతుంటే తెలుగు అర్థం దగ్గరే ఆగకుండా కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం చదవండి. జంట దొరికేది అక్కడే. స్పీకరు గుర్తు నొక్కి మూడుసార్లు విని, మూడుసార్లు అనండి.

హైదరాబాదు, బెంగళూరు, సూరత్ ఉద్యోగాలకు ఫోనులో ఇంటర్వ్యూ చేస్తే ఏ క్రియల దగ్గర జాగ్రత్త పడాలి?

నాలుగు చోట్ల. చదువు పూర్తయిందనడానికి 'పాస్‌డ్ అవుట్' అనడం మన దగ్గర చెల్లుతుంది, విదేశీయుడు వింటే స్పృహ తప్పారనుకుంటాడు. 'ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2022' అనండి. ఫారానికి 'ఫిల్ ఇన్', ఇవ్వడానికి 'సబ్మిట్'. ఉద్యోగానికి 'అప్లై ఫర్', కంపెనీలో చేరితే 'జాయిన్', దీనికి 'ఇన్' అక్కర్లేదు. నాలుగోది అందరూ తప్పేది. రెండేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నాను అనే వాక్యం తెలుగులో వర్తమానమే కాబట్టి 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అనేస్తాం. నిన్న మొదలై నేటిదాకా సాగే పనికి ఇంగ్లీషు 'హావ్ బీన్' కోరుతుంది. ఎంతకాలం అన్నదానికి 'ఫర్', ఎప్పటినుంచి అన్నదానికి 'సిన్స్': 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్', 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2023'. ఈ రెండు వాక్యాల్లో మీ ఊరు, మీ ఏడాది పెట్టుకుని, ఫోను మోగకముందే పదిసార్లు పైకి అనండి.